రోజూ కొత్తది కావాలండీ

"ఇవాళ సాయంత్రంలోగా చెప్పెయ్యాలట అన్నయ్యా. ఇక నీ ఇష్టం," అని గౌతమి ఫోన్ పెట్టేసింది.

తాడేపల్లిగూడెం కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ చెప్పే ఉద్యోగం. చెల్లెలే నలుగురిని అడిగి కుదిర్చింది. పొద్దున్న ఐదున్నరకే మొదటి క్లాసు. అంటే దత్తసాయి తన ఛానల్ మూసుకోవాల్సిందే.

ఛానల్ పేరు 'ఈ పూట మాట'. పనిచేస్తున్న కేబుల్ టీవీ మూతపడ్డాక, వట్లూరులో అద్దెకుంటున్న మేడమీద గదిలోనే మూడేళ్ల కిందట మొదలుపెట్టాడు. తెల్లారకముందే లేచి నాలుగు పేపర్లు తిరగేస్తాడు. ఆరింటికల్లా ఆ రోజు వార్తల మీద తన వ్యాఖ్యానం యూట్యూబ్‌లో ఉంటుంది. వారానికి రెండు ఇంటర్వ్యూలు. ఎన్నికలు, ధాన్యం కొనుగోళ్లు, పరిషత్తు నాటకాలు, ఏదీ వదలడు.

వినేవాళ్లే లేరు. స్నేహితులు మొదట్లో మొహమాటానికి లైకులు కొట్టారు. తర్వాత అదీ మానేశారు. ఏలూరు బస్టాండులో ఎదురుపడితే, "ఇంకా చేస్తున్నావా?" అంటారు. ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టే ఉంటుంది.

ఒక్కడు మాత్రం ఉన్నాడు.

ఏడాది కిందట జ్వరమొచ్చి ఒకరోజు కార్యక్రమం పెట్టలేదు. ఏడు కాకుండానే ఫోన్ మోగింది.

"ఏవండీ, దత్తసాయి గారేనాండీ? తెర మీద మీ నంబరు చూసి చేస్తున్నానండీ. బుచ్చిబాబండీ, కొల్లేటికోట. చేపల చెరువు మీద ఉంటానండీ. ఇవాళ్టిది రాలేదేంటండీ?"

"ఒంట్లో బాలేదండీ. నిన్నటిది ఉంది కదా."

"నిన్నటిది ఇవాళ పనికిరాదండీ. రోజూ కొత్తది కావాలండీ."

వార్త విలువ తెలిసిన మనిషి అనుకున్నాడు దత్తసాయి. దుప్పటి కప్పుకునే కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడాడు.

ఆ రోజు నుంచి బుచ్చిబాబు ఫోన్ కోసం ఎదురుచూడడం అలవాటైపోయింది. అందరూ తగ్గించమనేవాళ్లే. ఐదు నిమిషాలు దాటితే ఎవరు వింటారు అనేవాళ్లే. బుచ్చిబాబు ఒక్కడే, "గంట దాటిస్తే బావుంటుందండీ," అన్నాడు. దత్తసాయి గంట దాటించాడు.

తివాచీలు నేసే పెద్దాయనతో ఇంటర్వ్యూ చేశాడోసారి. మూడేళ్లలో తనకి తృప్తినిచ్చిన పని అదొక్కటే. మర్నాడు బుచ్చిబాబు నసిగాడు.

"ఆ పెద్దాయన గొంతు మరీ మెత్తనండీ. పావుగంటకే కట్టేశానండీ. ఏమనుకోకండి."

ఆ వారమే రెండు పార్టీల వార్డు నాయకుల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే, వాళ్లు కొట్టుకోవడమే తక్కువ.

"ఇదండీ కార్యక్రమమంటే! సాయంత్రం దాకా తిప్పితిప్పి వేశానండీ. మీరు కూడా అలా గట్టిగా మాట్లాడండి సార్!"

దత్తసాయి స్వతహాగా నెమ్మదస్తుడు. అయినా నేర్చుకున్నాడు. గుంటలు పడ్డ రోడ్ల మీద, కాలవల్లో గుర్రపుడెక్క మీద, గదిలో ఒంటరిగా నిలబడి బల్ల గుద్ది మరీ అరిచేవాడు. గది అద్దెకిచ్చిన వీరరాఘవమ్మ గారు మెట్ల కింద నుంచి కేకేసేవారు.

"ఎవరితోనయ్యా ఆ గొడవ? గదిలో ఉన్నది నువ్వొక్కడివేగా!"

"వార్తలండీ," అనేవాడు.

"నీ వార్తలు చల్లగుండా! కాస్త మంచినీళ్లు తాగు, గొంతు పోద్ది."

ఆ రోజుకి అతనితో ఎవరైనా ఎదురుగా మాట్లాడినది అంతే.

ఇప్పుడు ఈ ఉద్యోగం. గౌతమి చెప్పిందాంట్లో తప్పేం లేదు. కానీ ఒక్క మనిషైనా వింటుంటే ఆ మాట ఆపేయడం న్యాయమా? ఆ ఒక్కణ్ణి కళ్లారా చూసే తేల్చుకుందామనుకున్నాడు. కైకలూరు బస్సెక్కాడు. అక్కణ్ణుంచి ఆటోలో కొల్లేటికోట చేరేసరికి పదిన్నరయింది.

ఆటో దిగగానే ఆగిపోయాడు. నీళ్ల మీదుగా ఎవరిదో గొంతు వస్తోంది. ఎవరిదో ఏమిటి, తనదే. పొద్దున్న తను పెట్టిన కార్యక్రమమే. చెరువు గట్టు మీద వెదురు గడలకి మూడు మైకులు, మూడు వైపులకీ కట్టి ఉన్నాయి. బుచ్చిబాబు తానొక్కడే వింటే చాలదని చుట్టుపక్కల అందరికీ వినిపిస్తున్నాడన్నమాట! దత్తసాయికి గుండె నిండిపోయింది. తన గొంతు వెంటే గట్టు మీద నడిచాడు.

తాటాకు పాక ముందు లుంగీ కట్టుకున్న నడివయసు మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. పేరు చెప్పగానే చటుక్కున లేచాడు.

"దత్తసాయి గారా! మీరే వచ్చారాండీ! కూర్చోండి, కూర్చోండి." ఉన్న ఒక్క మంచాన్నీ తువ్వాలుతో దులిపాడు.

దత్తసాయి తిన్నగా విషయానికొచ్చాడు.

"గూడెంలో ఉద్యోగం వచ్చిందండీ. ఛానల్ ఆపేద్దామనుకుంటున్నాను."

బుచ్చిబాబు మొహం పాలిపోయింది.

"బాబ్బాబు, అంత పని చెయ్యకండి! మీరు ఆపేస్తే నేనేమైపోవాలండీ? మీ దయవల్లేనండీ ఈ ఏడాది నేను నిలదొక్కుకున్నది."

తనని ఇంత అవసరంగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. దత్తసాయి కళ్లు తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, 'ఉద్యోగం వద్దని చెప్పెయ్యమ్మా' అని గౌతమికి మెసేజ్ పంపాడు. అది చేరినట్టు రెండు టిక్కులు పడేదాకా చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆపనండీ. మరి నా మాటల్లో మీకు బాగా నచ్చేదేమిటో చెప్పండి, ఇంకా బాగా చేస్తాను."

బుచ్చిబాబు సిగ్గుపడుతూ చెవుల్లోంచి దూది తీశాడు.

"ఆ మాటలు నాకేం తెలుస్తాయండీ, పాటలేసినా టపాకాయలు కాల్చినా రెండ్రోజులకే అలవాటు పడిపోయేవి గానీ, మీరు అరుస్తున్నంతసేపూ నా చేపల మీద ఒక్క కొంగ కూడా వాలట్లేదండీ."