చేదుపొద కషాయం

లవీనా క్లైడ్ ఇంట్లోకి వెళ్లింది శాపనార్థాలు పెట్టడానికి. వెళ్లినంత సేపు పట్టలేదు, పరుగున బయటికి వచ్చింది.

"బండి దిగు, ఆగ్నెస్. లోపల పొయ్యి రాజేసి నీళ్లు పెట్టు."

"వాడి పొయ్యి మీదా? మతి గానీ పోయిందా వదినా? చీకటి పడేలోగా పట్నం చేరద్దూ? రేపు పొద్దున్నే కోర్టు!" అంది ఆడపడుచు.

లవీనా అప్పటికే ఇంటి వెనక కొండవాలు ఎక్కేస్తోంది. వాలంతా చేదుపొదలు పసుపుపచ్చగా విరగబూశాయి. తాతల నాటి నుంచీ లవీనా తెగవాళ్లు, ఆ నేల మూలవాసులైన పయూట్లు, మందుకు కోసుకునే పొదలవి. చుట్టూ ఉన్న కంచె మాత్రం నిన్న మొన్నటిది, క్లైడ్ వేసింది.

కిందటి వసంతంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు వెస్లీ ఆ కంచె దాటాడు. అమ్మకు కడుపులో బాగాలేదు, కాస్త బెరడు తెస్తానని వచ్చాడు. క్లైడ్ తుపాకీ పేల్చాడు. పేల్చినవాడు జామీను మీద ఇంట్లో ఉన్నాడు. కొడుకును పోగొట్టుకున్నది ఏడాది పొడుగునా కోర్టు మెట్లు ఎక్కి దిగింది.

ఆమె కొమ్మలు విరిచింది. బెరడు ఒలిచింది. వేళ్లు చీరుకుపోయినా ఆగలేదు. చిటికెడు వేసే చోట గుప్పెళ్లకు గుప్పెళ్లు వేసి మరిగించింది.

క్లైడ్ మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. లవీనా చేతిలో గిన్నె చూడగానే పళ్లు బిగించాడు.

"వద్దు లవీనా... నీకు దణ్ణం పెడతా. నన్ను వదిలెయ్."

"వదిలెయ్యాలా? నా బిడ్డా అలాగే బతిమాలాడుగా, వదిలావురా? ఆగ్నెస్, చేతులు పట్టుకో!"

ఆగ్నెస్ గుమ్మం వైపు జరిగింది. "మనకెందుకొచ్చిన పని వదినా! పోదాం పద. మనం ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలీదు."

"ఇప్పుడు వదిలానంటే వీడు ఇంక చచ్చినా నాకు చిక్కడే, పిచ్చిమొహమా! పట్టుకో!"

ముక్కు మూసింది. ఊపిరాడక నోరు తెరిచాడు. పోసింది. గింజుకున్నాడు. మళ్లీ పోసింది. ఆమె కళ్లలో జాలన్నది లేదు. ఏడాదిగా కడుపులో రగులుతున్న మంట కాస్త చల్లబడినట్టే ఉంది ఆమెకు.

క్లైడ్ మెలికలు తిరిగిపోయాడు. పేగులు తెగేలా కక్కాడు. ఇంక ఏమీ రావడం లేదని తేలాక చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"రాక్షసివే నువ్వు!"

"అవునురా. నన్నలా చేసింది నువ్వే."

ఆమె గౌను అంచుకు చేతులు తుడుచుకుంది. అతని మొహం కాసేపు పరీక్షగా చూసింది.

"వీణ్ణి లేపి బండెక్కించు ఆగ్నెస్," అంది లవీనా, క్లైడ్ తనంతట తానే తాగి పారేసిన విషం సీసాను కాలితో మంచం కిందకి తన్నుతూ, "ఇవాళ చచ్చి తప్పించుకుంటే ఎట్లా, రేపు బోనులో ప్రాణాలతో నిలబడద్దూ!"