నీ కళ్ళతో చూశావా?

"గుమ్మం ఎంత వెడల్పుందో చెప్పు తల్లీ. మా అమ్మాయి వీల్‌చెయిర్ పట్టాలి కదా."

ఫోనులో ఆ తల్లి అడుగుతున్నది నూట రెండో నంబరు గది గురించి. వికలాంగులకోసం ప్రత్యేకంగా కట్టిన గది అని హోటలు ప్రకటనలో ఉంది.

రిసెప్షనిస్టు తన ముందున్న కార్డు చూసింది. "తొంభై సెంటీమీటర్లండీ."

"బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలున్నాయా?"

"ఉన్నాయని రాసుందండీ."

"రాసుండటం కాదమ్మా. ఇదివరకు ఒకచోట ఇలాగే రాసుందని నమ్మి వెళ్ళాం. బాత్రూము తలుపులో వీల్‌చెయిర్ పట్టలేదు. ఎదిగిన పిల్లని వాళ్ళ నాన్న ఎత్తుకుని తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ రెండ్రోజులూ అది మంచినీళ్ళు ముట్టలేదు."

ఆ పిల్ల నీళ్ళెందుకు ముట్టలేదో రిసెప్షనిస్టుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నాలుగేళ్ళయింది, మళ్ళీ గడప దాటలేదు. సముద్రం చూస్తానని మొన్ననే నోరు తెరిచి అడిగింది."

"అమ్మా, ఇంకో రెండు హోటళ్ళు కూడా కనుక్కుని..." రిసెప్షనిస్టు గొంతు తగ్గించింది.

వెనకనుంచి మేనేజరు చెయ్యి వచ్చి రిసీవరు లాక్కుంది.

"నిశ్చింతగా రండి మేడమ్! వికలాంగుల సౌకర్యాల తనిఖీలో ముప్పై నాలుగు అంశాలుంటే ముప్పై నాలుగూ పాసయ్యాం. సర్టిఫికెట్ గోడమీదే ఉంది."

రిసీవరు తిరిగిచ్చి అతను అక్కడే నిలబడ్డాడు. "ఇంకోసారి నోరు జారావో, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు మెల్లగా.

ఈ ఉద్యోగం దొరకడానికే ఆమెకు ఐదేళ్ళు పట్టింది.

"ఆయన మాట సరే. నువ్వు చెప్పు తల్లీ, ఆ గది నీ కళ్ళతో చూశావా?"

"లేదండీ."

"కొత్తగా చేరావా?"

"మూడేళ్ళయిందండీ."

"మూడేళ్ళా! ఒక్కసారి వెళ్ళి తొంగిచూడ్డానికి ఒళ్ళు వంగలేదా? మా బాధ మీకేం తెలుస్తుందిలే!"

మేనేజరు ఆమె పెదవులకేసే చూస్తున్నాడు.

అవతల తల్లి నిట్టూర్చింది. "సరే, ఆయన అంత గట్టిగా చెబుతున్నాడుగా. శనివారం వస్తున్నాం. రాసుకో."

రాసుకుంది. మేనేజరు తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయాడు.

నూట రెండుకి వెళ్ళే నడవాలో మూడు మెట్లున్నాయి. వాటిదాకా వెళ్ళి వెనక్కి తిరగడమే తప్ప, ఈ మూడేళ్ళలో ఆమె వీల్‌చెయిర్ ఆ గది గుమ్మం చూసింది లేదు.