గంతలు కట్టిన శనివారం

"ముక్కూ మొహం తెలియని మగాడి చెయ్యి పట్టుకుని గంటసేపు ఊగడమేమిటే?" అంది అత్తగారు మూడోసారి.

"ఊగడం కాదు నానమ్మా, డాన్సు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళని కూడా ఆడిస్తారు," అంది కూతురు. "ఆ హాలు తెరిచాక పేటలో అందరికీ నిద్ర పడుతోందట. మందుల షాపాయన తిట్టుకుంటున్నాడు."

"నిద్రకి మగాడి చెయ్యెందుకు? మీ అమ్మే చెప్పింది, మగాడేనని."

కోడలు చెప్పులు వెతుక్కుంటోంది.

"వెళ్ళనివ్వమ్మా," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. తర్వాత కూతురితో, "శనివారం కదా, నాకు వర్క్‌షాపులో పనుంది. ఆలస్యమవుతుందని మీ అమ్మకి చెప్పు."

అమ్మ రెండడుగుల దూరంలోనే ఉంది.

చిన్నవాడు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ కూతురి మీదుగానే నడుస్తున్నాయి. కోపాలేం లేవు. ఒకరి మొహం ఒకరు చూస్తే వాడు కనిపిస్తాడు, అంతే.

ఆమె ఏడవడం కూడా మానేసింది. కూరలో ఉప్పు లేకపోయినా తెలియదు. మొన్న వేలు కాలితే, బొబ్బ లేచాక చూసుకుంది. ఇక ఈ ఇంట్లో ఉండి చేసేదేముందని, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని అన్నయ్యకు ఫోన్ చేసింది. సర్దిన పెట్టె మంచం కింద ఉంది. మళ్ళీ ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు.

హాలు గుమ్మంలోనే కళ్ళకు గంతలు కట్టారు. మొదటి వారం ఎవరితో జత కలిపితే చివరిదాకా వాళ్ళే. మాట్లాడకూడదు. లోపలికీ బయటికీ ఒక్కొక్కరినే పంపుతారు.

సంగీతం మొదలైంది. ప్రతి శనివారం వచ్చే ఆ చెయ్యే వచ్చి ఆమె అరచేతి కింద ఆగింది. గరుకు చెయ్యి, గ్రీజు వాసన. చుట్టూ డాన్సర్ల పాదాల చప్పుడు. ఒకరు వాలితే ఇంకొకరు మొయ్యాలి. ఆమె బరువంతా వదిలేసింది. తర్వాత ఆ మనిషి వాలాడు.

భుజం మీద జాకెట్టు తడిసింది. ఆమె కదలలేదు.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు మళ్ళీ అందుకుంది. "ఇంతకీ ఎవడే వాడు? రేపు మీ అన్నయ్య రానీ, ఈ సంగతి నేనే చెప్తాను."

"నానమ్మా, అన్నం తిను."

భర్త కంచంలోకే చూస్తున్నాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఈసారి కూతురి వైపు తిరగలేదు. అందరూ వింటుండగా, గొంతు పెంచకుండా చెప్పింది.

"అన్నయ్యని రావద్దన్నాను, హాల్లో ఎలాగూ మీ చెయ్యే పట్టుకుంటున్నాను గదండీ, వచ్చే శనివారం బండి మీద ఇద్దరం కలిసే వెళ్దాం."