టైలరమ్మ సుద్దగీత

“ఆ కిటికీ మాత్రం కుదరదు” అంది టైలరమ్మ, కత్తెర ఆపకుండానే.

ప్లాను గీసిన అమ్మాయి నీరుగారిపోయింది. టైలరమ్మ పెరటి పక్క స్థలంలో తక్కువ అద్దె ఇళ్లు కట్టబోతున్నారు. చుట్టూ ఎత్తయిన గోడ లేపి వాటిని వెలివేసినట్టు కట్టడం ఈ అమ్మాయికి ఇష్టం లేదు. వీధిలో కలిసిపోవాలని ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది. మిగిలింది టైలరమ్మే. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వీధంతా ఎరుగును.

“పెద్దమ్మా, చివరి ఇంటి వెనక గోడ మీ పెరటి అంచునే వస్తుంది. ఆ గదికి ఇంకెటూ గాలి రాదు. కిటికీ లేకపోతే పట్టపగలే చీకటి.”

“రేపు అందులోంచి ‘అక్కా ఉప్పుందా, అక్కా సూదుందా’ అని చేతులు చాపుతుంటే నేను కుట్టుకునేదెప్పుడు?”

మూల పీట మీద జాకెట్లకు హుక్కులు కుడుతున్న మనిషి తల ఇంకా వంచేసింది. నోట్లో నాలుక లేని మనిషి. టైలరమ్మ ఆమెను ‘మౌనవ్రతం’ అని పిలుస్తుంది. రోజూ రెండు బస్సులు మారి ఇక్కడ పనికి వస్తుంది. వారం కిందట ఇళ్లకు చీటీలు తీస్తే ఆ చివరి ఇల్లు వచ్చింది ఆమెకే. ‘అక్కకి చెప్పకండి, మొహమాటపెట్టినట్టవుతుంది’ అని ప్లాను అమ్మాయిని ముందే బతిమాలుకుంది. మాట ఇచ్చినందుకు ఆ అమ్మాయి ఇప్పుడు నాలుక కొరుక్కుంటోంది.

టైలరమ్మ ఆమె ఒళ్లోని జాకెట్టు లాక్కుని చూసింది.

“ఇదేంటే? రెండు వైపులా హుక్కులే కుట్టావు. కాజాలేవి? వారం నుంచీ ఇదే వరస.”

“పొరపాటయిందక్కా.” మౌనవ్రతం కళ్లనీళ్లు కుక్కుకుంటూ దారం విప్పసాగింది. ప్లాను అమ్మాయి లేచి నిలబడింది.

“ఒక్కసారి పెరట్లోకి రండి పెద్దమ్మా. ఆ గోడ లేచేది పాత ప్రహరీ ఉన్న చోటే, దాని మీద కిటికీ గీసి పెట్టాను. చూశాక వద్దంటే తీసేస్తాను.”

టైలరమ్మ సణుక్కుంటూనే లేచింది. మౌనవ్రతం జాకెట్టు గుండెకు అదుముకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

గోడ మీద సుద్దతో గీసిన కిటికీ పెద్దదేం కాదు. టైలరమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. జానతో వెడల్పు కొలిచింది. తర్వాత కొంగు తీసి కిటికీ అడుగు గీతను తుడిచేసింది.

ప్లాను అమ్మాయి కళ్లు దించుకుంది. గుమ్మంలో మనిషి వెనక్కి తిరిగింది.

“ఆగవే” అంది టైలరమ్మ. బొడ్లోంచి బట్టల మీద గుర్తులు పెట్టుకునే సుద్ద తీసింది. మిగిలిన రెండు నిలువు గీతలనూ సూటిగా కిందికి లాగి, నేలకు తాకించి, చేతులు దులుపుకుంది.

“ఇది... తలుపు కదా పెద్దమ్మా?”

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది.

“చీటీలు తీసిన మర్నాటి నుంచీ నీ హుక్కులు తప్పుతుంటే, ఆ ఇల్లు ఎవరికొచ్చిందో అప్పుడే అనుకున్నా. కిటికీలోంచి అయితే ఉప్పు ఒక్కటే అందుతుంది. నువ్వు రావాలంటే తలుపుండొద్దూ?”