మల్లవ్వ మోకాళ్లు

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే మల్లవ్వ, మోకాళ్ల నొప్పితో డాక్టరమ్మ దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది.

"కింద కూసుంటే నొప్పి ఎక్కువైతది, అవ్వా. కుర్సీల కూసో," అంది డాక్టరమ్మ.

మల్లవ్వ కుర్చీ అంచున కూర్చుంది. వెంటనే మళ్లీ కిందికి జారిపోయింది.

"నాతోని కాదు, దొరసానీ. దొర ముందట మంచం మీద కూసున్నడని మా నాయినను నా కండ్ల ముందటనే చింత బరిగెలతోని కొట్టిన్రు. ఆ దొర సచ్చి శానేండ్లయింది. అయినా నా కాళ్లు ఇంటలేవు."

డాక్టరమ్మ మందుచీటీ పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. మల్లవ్వ హడలిపోయి దూరం జరిగింది.

"మా అమ్మ గూడ గిట్లనే, అవ్వా. నేను డాక్టర్నయినకాడికెల్లి నా ముందట గూడ కుర్సీల కూసుంటలేదు."