ఒకే రంగు

ఆకుపచ్చ గౌనును ఎర్ర దారంతో కుట్టి యజమాని చేత తిట్లు తిన్నాక, ఆ దర్జీ అమ్మాయి ఆసుపత్రికి వెళ్లింది. ఆమె కంటికి రెండూ ఒకే రంగు.

క్షయకు వాడుతున్న మందుల్లో ఒకటి కంటి నరాన్ని దెబ్బతీసిందన్నాడు డాక్టరు.

"మసక మొదలవగానే వస్తే ఆ మాత్ర ఆపేసేవాళ్లం. ఎందుకు దాచావమ్మా?"

"మందు ఆపితే జబ్బు తిరగబెడుతుందని భయపడ్డా సార్. మా పాపకు అంటుకుంటుందని మా అమ్మ దగ్గర వదిలేశా. తగ్గాక తెచ్చుకుందామని..."

డాక్టరు ఆమె చీటీలో మందులు మొదలెట్టిన తేదీ చూశాడు.

"మందులు మొదలెట్టిన కొన్ని వారాలకే అంటుకునే భయం పోయిందమ్మా. పాపను ఎప్పుడో తెచ్చుకోవాల్సింది. నీకెవరూ చెప్పలేదా?"

ఆమె ఏడవలేదు. అరచేతులు చూసుకుంది. వేళ్లు విడివిడిగా కనిపించలేదు.

"అయితే ఇవాళ ఎత్తుకోవచ్చా సార్?"