మంగళవారం కూర

పుస్తకం పోస్టులో వచ్చింది. పంపిందెవరో దుర్గాభవానికి అర్థం కాలేదు.

అట్ట మీద ‘ఏడు వారాల వంటలు’ అని ఉంది. కింద అప్పలనరసింహం అని పేరు. ఆ పేరుగలవాళ్లెవరూ ఆమెకు తెలియదు.

గరివిడిలో ఆ వీధి ఆడవాళ్లకి మధ్యాహ్నం భోజనాలయ్యాక దుర్గాభవాని వరండాయే కచేరీ. పుస్తకం అక్కడికి చేరింది. ఇక దాని పని అయిపోయింది.

“ఏడు వారాల నగలు విన్నాం గానీ, ఏడు వారాల వంటలేటే?” అంది కుసుమకుమారి.

“కూరలొకచోట, పచ్చళ్లొకచోట ఉండాల. ఇదేటి, ఆదివారం, సోమవారం అని రాసినాడు? పంచాంగమా?” అంది ఈశ్వరి.

“రోజుకి ఒక్క వంట. దీనికి మళ్లీ పుస్తకం!”

“శుక్రవారం కంద బచ్చలి. ఆవ పెట్టమన్నాడు గానీ ఎంతో సెప్పనేదు.”

“ఓలమ్మ, లక్ష్మీవారం సూడండే!”

గురువారాన్ని అక్కడ లక్ష్మీవారం అంటారు. కుసుమకుమారి చూపించిన ఆ పేజీలో ఒకే ఒక్క మాట అచ్చయి ఉంది.

మంచినీళ్లు.

వరండా అంతా ఒక్కసారిగా నవ్వింది.

“మంచినీళ్లు ఎలగ తాగాలో కూడా నేర్పుతన్నాడే ఈ మహానుభావుడు!”

దుర్గాభవాని కూడా పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ రెండు కాగితాలు వెనక్కి తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

మంగళవారం. మునగాకు తెలగపిండి కూర.

అది వాళ్లమ్మ తాయారమ్మ కూర. విజయనగరంలో ఉన్నన్నాళ్లూ ఆవిడ మంగళవారం వచ్చిందంటే ఆ కూర చేయాల్సిందే. ఎందుకో ఎవరూ అడగలేదు. అమ్మ పోయాక దుర్గాభవాని ఆ ఆనవాయితీ నిలబెట్టింది.

కూర వచ్చింది గానీ రుచి రాలేదు. ఎన్ని మంగళవారాలు వండినా అది తన కూరే అయ్యేది. అమ్మ కూర అయ్యేది కాదు. ఇంత వయసొచ్చి అమ్మ చేతి కూర కోసం బెంగ పెట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటుంది?

అప్పుడు గుర్తొచ్చాడు ఆ ముసలాయన.

మొన్న వేసవిలో, మిట్టమధ్యాహ్నం, గేటు దగ్గర నిలబడ్డాడు. భుజాన సంచి. చెమటకి తడిసిపోయిన చొక్కా.

“తాయారమ్మగారి అమ్మాయివి నువ్వేనా తల్లీ?”

“అవును. ఏటి కావాలి?”

“వంటల పుస్తకం రాస్తన్నానమ్మా. మీ ఇంటి తెలగపిండి కూర... ఇవాళ మంగళవారం కదా, చేసుంటారేమోనని వచ్చాను. ఒక్క ముద్ద రుచి చూస్తే చాలు.”

భలేవాడే, సరిగ్గా విస్తరి వేసే వేళకి దిగాడు అనుకుంది దుర్గాభవాని. లోపల్నుంచి ఇంగువ పోపు వాసన గేటు దాకా వస్తూనే ఉంది.

“ఇయ్యాల సెయ్యలేదండి” అంది.

ఆయన చిన్నగా నవ్వాడు.

“పోనీలే తల్లీ. కాసిని మంచినీళ్లిప్పించు.”

చెంబుతో ఇచ్చింది. తాగి, చెంబు గేటు గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

“నేను సెప్పకుండానే మా ఇంటి కూర రాసీసినాడు, సూసినారా!” వరండాలో అందరికీ పుస్తకం చూపిస్తూ దుర్గాభవాని మండిపడింది.

“ముందు ఏటి రాసినాడో సదువు.”

“తెలగపిండిని ఉత్త నీళ్లలో కాదట. బియ్యం కడిగిన రెండో నీళ్లలో ఉడకబెట్టాలట.”

“కడుగునీళ్లా? ఆవుకి పోస్తారు గానీ కూరలో పోస్తారేటి!”

“రేపు మంగళవారమే కదా. పుస్తకంలో ఉన్నట్టే సేసి మీ అందరికీ పెడతాను. ఎంత తప్పో మీరే సెప్పండి.”

మర్నాడు అన్నట్టుగానే చేసింది. కడుగునీళ్లు పోసేటప్పుడు ఈశ్వరి ముక్కు కూడా మూసుకుంది.

దించాక, ఉప్పు సరిపోయిందో లేదోనని దుర్గాభవాని చిటికెడు నోట్లో వేసుకుంది.

అంతే. పొయ్యి గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

“ఏటే, ఏడుస్తన్నావేటి? కారం ఎక్కువయిందా?”

“అమ్మ కూరే” అంది దుర్గాభవాని. “అచ్చం మా అమ్మ కూరే.”

నోట్లో రుచి పోకముందే పుస్తకం వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

“అప్పలనరసింహంగారున్నారా అండీ? గరివిడి నుంచి, తాయారమ్మగారి అమ్మాయిని. వచ్చే మంగళవారం మా ఇంటికి భోజనానికి రమ్మని సెప్దామని...”

అవతలి గొంతు ఆడమనిషిది.

“నేను వాళ్లమ్మాయిని, సంహితనండి. నాన్న పోయారు. పుస్తకం అచ్చయి ఇంటికొచ్చిన వారంలోనే. ఆరిళ్లకీ పుస్తకాలు నేనే పోస్టు చేశాను.”

“ఆరిళ్లేటమ్మా?”

“నాన్న విజయనగరంలో వారాలు చేసుకుని చదువుకున్నారండి. రోజుకొకరింట్లో భోజనం. మంగళవారం మీ అమ్మగారిల్లు. ఊరికే తింటున్నానని చిన్నబుచ్చుకోకుండా, ఆవిడ నాన్నకి బియ్యం కడిగే పని చెప్పేవారట. ఏ రోజు ఏ ఇంట్లో తిన్న వంట ఆ రోజు కింద రాసుకున్నారు.”

“మరి... లక్ష్మీవారం?”

“ఆ రోజుకి ఇల్లు దొరకలేదటండి. మంచినీళ్లు తాగి పడుకునేవారట.”

దుర్గాభవాని ఫోన్ పెట్టేసింది. కూర గిన్నెలోంచి ఇంకా పొగలు వస్తున్నాయి. గేటు గట్టు వైపు చూడలేకపోయింది.

అమ్మ మంగళవారాన్ని వెతుక్కుంటూ ఇన్నేళ్లకి గుమ్మం దాకా వచ్చినవాడికి, కూర పొయ్యి మీద ఉండగానే, తాయారమ్మ కూతురు ఇచ్చింది మంచినీళ్లు.